కింద పడిన బంతి, పైకెక్కిన పేరు

1979వ సంవత్సరం అక్టోబరు పద్నాలుగవ తేదీన, విశాఖ రేవులో పదకొండేళ్లు కళాసీగా గడించిన అనుభవాన్నీ, తాళం సరిగా పడని ఒక రేకు పెట్టెనూ వెంటబెట్టుకుని, శ్రీ సోమరాజు గారు ఈ గల్ఫు దేశానికి వచ్చి, మామీరు పక్కనున్న మన ఫ్యాబ్రికేషన్ యార్డులో రిగ్గరుగా ప్రవేశించారు. క్రేను ఎత్తే బరువుకు గొలుసులు బిగించడం, క్రేను నడిపేవారికి చేతి సైగలతో దారి చూపడం, బరువు గాలిలో ఉన్నంతసేపూ దాని కిందికి నరమానవుణ్ణి రానివ్వకపోవడం వారి ఉద్యోగ ధర్మం. ఆ ధర్మాన్ని వారు ఈ నెల ముప్పై ఒకటవ తేదీ వరకు, అనగా పద్దెనిమిదిన్నర సంవత్సరాల పాటు, నిష్ఠగా నిర్వర్తించి సగౌరవంగా విశ్రమిస్తున్నారు.

1984లో చార్జ్‌హ్యాండుగానూ, 1990లో ఫోర్‌మన్‌గానూ పదోన్నతి పొందిన సోమరాజు గారి అసలు ఆస్తి వారి కంఠస్వరం. మనిషి చూడబోతే బక్కపలచన, "హటో! ఎనక్కి!" అన్నారంటే యార్డు ఆ చివర వెల్డింగు చేసుకుంటున్నవారు సైతం రెండడుగులు వెనక్కి వేయవలసిందే. మలయాళీ అయినా, ఫిలిప్పీనో అయినా, కొత్తగా ఆకివీడు నుంచి దిగిన కుర్రాడు అచ్చిబాబు అయినా ఎందుకని అడగరు. ముందు జరుగుతారు, తరువాత తల పైకెత్తి చూస్తారు. ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒకరు జరగకుండా నిలబడితే, వారి మోచేయి పట్టుకుని పక్కకు లాగి, పని అయ్యాక క్షమాపణ చెప్పుకున్న ఘనత కూడా వీరిదే.

ఇంతటి కార్యదక్షులు బేస్‌బాల్ ఆటలో ఎలా చిక్కుకున్నారన్నది చెప్పి తీరవలసిన ముచ్చట. 1981లో అమెరికన్ సూపరింటెండెంటు దొరగారు శుక్రవారం ఉదయాలకని ఒక జట్టు కట్టారు. బ్యాటు పట్టినవాడి వెనక గంటల తరబడి గొంతుక్కూర్చుని బంతి అందుకునే క్యాచరు కావాలి. దొరలెవరికీ మోకాళ్లు వంగలేదు. టీ విరామంలో గొలుసుల గుట్ట పక్కన హాయిగా గొంతుక్కూర్చుని చుట్ట కాల్చుకుంటున్న సోమరాజు గారిని చూసి దొరగారు వారి చేతికి తోలు తొడుగు తగిలించారు. అలా కూర్చున్న మనిషి పదిహేడేళ్లు లేవలేదు. బంతి విసిరే పిచ్చరు మహబూబ్ పాషా గారు, జగిత్యాల మనిషి, పని రోజుల్లో మన పెద్ద క్రేను ఆపరేటరు. వారమంతా ఒకరి సైగకు ఒకరు కట్టుబడే ఆ ఇద్దరూ శుక్రవారం కూడా విడిపోలేదన్నమాట.

ఇక 1995 మార్చి పదవ తేదీ. ఆ రోజు సంగతి అభినందన వ్యాసంలో రాయకూడదని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. రాయకపోతే ఈ వ్యాసమే దండగ. సిత్రా గిడ్డంగుల జట్టుతో ఫైనల్ ఆట. మనవారు ఒక్క పరుగు ముందున్నారు. ఎదుటి జట్టువారు ఇద్దరు పరుగుకు సిద్ధంగా ఉన్నారు. ఇంకొక్క మనిషి అవుటైతే కప్పు మనది. పాషా గారు బంతి వేశారు. బ్యాటు అంచుకు తగిలి అది నిట్టనిలువునా ఆకాశానికి లేచింది. చంటిపిల్లవాడైనా పట్టగల బంతి. సోమరాజు గారు తల ఎత్తి చూశారు. నెత్తిమీద ఏదో వేలాడుతోంది, కింద మనుషులున్నారు. అంతే! రెండు చేతులూ చాపి, "హటో! ఎనక్కి!" అని కేక వేసి, తాము రెండడుగులు వెనక్కి తగ్గారు. పాషా గారూ తగ్గారు. యార్డు మనుషులే గనుక చుట్టూ ఉన్న మిగతావారూ తగ్గారు. అయిదుగురు నిలబడి ఎంతో జాగ్రత్తగా చూస్తుండగా, బంతి మధ్యలో దుమ్ములో పడింది. ఆ ఇద్దరూ పరుగు పూర్తి చేశారు, కప్పు సిత్రాకు పోయింది. ఎవరికీ దెబ్బ మాత్రం తగలలేదు.

పాషా గారు ఆ బంతి గురించి మూడేళ్లు నోరు విప్పలేదు. తిట్టినా బాగుండునని సోమరాజు గారు లోలోపల కుమిలిపోయారు. మన యార్డు క్లబ్బు హాలులో టేకు చెక్కమీద మహా క్రీడాకారుల పేర్లు ఏడు ఉన్నాయి. ఎనిమిదవ పేరుగా సోమరాజు గారిది చేర్చాలని మొన్న ఫిబ్రవరిలో ప్రతిపాదన వచ్చింది. నియమం కఠినం: కమిటీ సభ్యులు అయిదుగురూ ఒప్పుకోవాలి, ఆ మనిషి ఉద్యోగంలో ఉండగానే పేరు చెక్కాలి. ఇప్పుడు కాకపోతే ఇక ఎన్నటికీ కాదు. ఆ అయిదుగురిలో పాషా గారు ఒకరు.

ఇక్కడి ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక ఇంట వంట చేసే సోమరాజు గారి ధర్మపత్ని నరసాయమ్మ గారికి ఈ ఆరాటం బొత్తిగా అర్థం కాలేదు. "చెక్క మీద పేరుంటే మోకాళ్ల నొప్పి తగ్గిపోద్దేటండీ?" అని అడిగారు. తగ్గదు, కానీ పేరు లేకపోతే ఆ బంతి ఒక్కటే మిగిలిపోతుందని సోమరాజు గారు జవాబిచ్చారు.

సమావేశం నాడు సోమరాజు గారు హాలు బయట, చల్లారిన టీ గ్లాసుతో, ఓరగా తెరిచిన తలుపు పక్కన నిలబడ్డారు. కమిటీలో మరొక సభ్యులైన కార్యదర్శి శ్రీనివాసరాజు గారు పదిహేడేళ్ల ఆటనూ కాగితాల మీద పరిచి, మంచి క్యాచరే కానీ మహా క్రీడాకారుడు కారనీ, చేతికందిన కప్పును నేలపాలు చేసినవారి పేరు చెక్కితే ఆ ఏడుగురికీ అవమానమనీ వాదించారు. కక్షతో అన్న మాట కాదది, లెక్క ప్రకారం న్యాయమే. బయట సోమరాజు గారు కూడా తల ఊపారు. అప్పుడు పాషా గారు లేచారు.

"సార్ చెప్పింది నిజమే. గా బంతి ఏసింది నేను, కోపం రావల్సింది నాకు. వచ్చింది, ఇంక గూడ ఉన్నది. కని నేను గూడ ఎనుకకు జరిగిన గద! క్రేనుల కూసుంటే నాకు అవుతలి దిక్కు కనవడది, ఆయన చెయ్యే నా కన్ను. పద్దెనిమిదేండ్ల సంది నా హుక్కు కింద ఒక్క మనిషికి దెబ్బ తాకలే. కప్పు కోసమని ఆ దినం ఆయన గా అలవాటు మర్శిపోయి ఉంటే, శనివారం నేను క్రేను ఎట్ల ఎక్కుదును? రాయుండ్రి పేరు."

శ్రీనివాసరాజు గారు కాసేపు కాగితాలు సర్దుకుని, అందరికంటే ముందు తామే చేయి ఎత్తారు. పాషా గారు బయటికి వచ్చి, "ఖలాస్ అన్నా, అయిపోయింది" అన్నారు. "కోపం పోనాదేటి పాషా?" అని అడిగారు సోమరాజు గారు. "పోలే. పేరు రాయమన్న, గంతే" అని పాషా గారు ఆ చల్లారిన టీని అందుకుని తాగేశారు. అమ్మయ్య! మూడేళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు దిగిన ఆ క్షణంలో, యాభై ఎనిమిదేళ్ల మన ఫోర్‌మన్ గారు నడవా గోడకు ఆనుకుని పసివాడిలా ఏడ్చారు. చూసినవారు ఉన్నారు గనుక ఇందులో దాచేదేమీ లేదు.

మొన్న శుక్రవారం, పేరు చెక్కిన ఫలకాన్ని తాళ్లతో లాగి తిరిగి గోడకెక్కిస్తుంటే, అధికారులూ మిత్రులూ కింద గుమిగూడి చప్పట్లు కొడుతున్నారు. సన్మానితులు పూలదండతో సహా ముందుకు దూకి "హటో! ఎనక్కి!" అన్నారు. సూపరింటెండెంటు గారు, శ్రీనివాసరాజు గారు, పాషా గారు, చివరికి నరసాయమ్మ గారు కూడా రెండడుగులు వెనక్కి వేశారు. ఫలకం క్షేమంగా మేకుకెక్కింది. ఎవరికీ ఏమీ కాలేదు.

భీమిలిలో తమ ఇంటి అరుగు మీద మోకాళ్లు చాపుకుని కూర్చునే తీరిక వారికి ఇన్నాళ్లకు దక్కింది. ఆ పుణ్య దంపతులకు ఇకమీదట నెత్తిన ఆకాశం తప్ప వేరే బరువేదీ వేలాడకుండా, ఆరోగ్యమూ ఆయుష్షూ నిండుగా వెంటనుండాలని మనసారా కోరుకుంటున్నాము. వారి కేక పుణ్యమా అని ఈ యార్డులో ఇప్పటికీ రెండేసి కాళ్లతో నడుస్తున్న మనమందరం చేయగలిగిన ప్రార్థన ఇదే.