కాజా పెట్టిన వరస

కాజా అనేవాళ్లం దాన్ని. అప్పటికి దానికి ఇరవై రెండేళ్లు. దారాన్ని కత్తెరతో తెంపేది కాదు, ఎప్పుడూ పళ్లతోనే కొరికేది. అది ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటావా? ఇందాకటి నుంచి నువ్వు ఆ ఫోను మంచం మీద బోర్లా పెట్టి, మోగినప్పుడల్లా దాని నోరు నొక్కుతున్నావు చూడు, అందుకు. ఎవరని నేను అడిగానా? అడగను. డెబ్బై మూడేళ్లొచ్చాయి, అప్పులవాడి పిలుపు నాకు తెలీదా? మా రోజుల్లో ఫోన్లు చేసేవాళ్లు కాదు, సరాసరి గేటు దగ్గరికే వచ్చి నిలబడేవాళ్లు. కూర్చో తల్లీ, ఎక్కడికి లేస్తావు? మీ అమ్మకి చెప్పను. నా నోట్లో నువ్వుగింజ నానదని మీరందరూ అనుకుంటారు, నిజమే, నానేది కాదు. అదే చెప్తున్నాను, విను.

మేం చొక్కాలు కుట్టే షెడ్డులో పనిచేసేవాళ్లం. పైన రేకులు, కింద రెండు వరసల మిషన్లు, చివర్లో కిటికీ వారగా ఒక పొడుగు బల్ల. ఆ బల్ల దగ్గర చేతిపని. కాలరు మొనలు పుల్లతో పొడిచి బయటికి తిప్పడం నా పని. నా పక్కన అది, గుండీలు పట్టే కాజాలు కుట్టేది. అందుకే ఆ పేరు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉండేది, పిలిచేవాళ్లు లేక అక్కడే ఉండిపోయింది. నన్ను అక్కా అనేది. నాకంటే ఆరేళ్లు చిన్నది. అది కుట్టిన కాజా చూస్తే మిషను సిగ్గుపడాలి, అంత సన్నగా, అంత దగ్గరగా పడేవి కుట్లు. ఒక్కతే గది తీసుకుని ఉండేది. అన్నావదినల దగ్గరి నుంచి బయటికొచ్చి పని చూసుకుంది. ఆ రోజుల్లో అదే పెద్ద కబురు. ఒంటరిగా ఉందంటే ఏదో ఉండే ఉంటుందని మా షెడ్డులో మగాళ్లకి భలే నమ్మకం.

ఉన్నదల్లా అప్పు. ఎంతంటావు, సుమారు పదకొండు నెలల జీతం. అమ్మకి జబ్బు చేసిందనో, తమ్ముడి చదువుకనో అనుకునేవు. అలాంటి అప్పయితే జనం ముక్కు చీది, పాపం అనేవాళ్లు. ఇది అలాంటిది కాదు. సరదాకి చేసిన అప్పు. గదిలోకి నిలువుటద్దం బీరువా కొంది, వాయిదాల కొట్లో. వాళ్లింట్లో ఉన్నది ఒక్కటే అద్దం, వాళ్లన్న గడ్డం గీసుకునేది, అరచెయ్యంత. అది ఆయన ఎత్తుకి మేకు కొట్టి తగిలించారు. ఇరవై ఒకటో ఏడు వచ్చేదాకా తన కాళ్లూ తన మొహమూ ఒకేసారి చూసుకోలేదు అక్కా అంది నాతో. సరే, బీరువా వచ్చింది. బీరువాలోకి బట్టలు కావాలి కదా. బట్టలు వచ్చాయి. చేతికి గడియారం వచ్చింది. అన్న పిల్లలకి బొమ్మలు పంపింది, మా బల్ల ఆడవాళ్లందరికీ రోజూ టీ తెప్పించేది, మేమూ తాగాం, డబ్బెక్కడిదే అని ఒక్కరం అడగలేదు. కిరాణా కొట్లో ఖాతా పెరిగింది. ఇంటి యజమానురాలికి నాలుగు నెలల అద్దె బాకీ పడింది. ఇవి పూడ్చడానికి గొడుగాయన దగ్గర వడ్డీకి తెచ్చింది. ఎండైనా వానైనా చంకలో గొడుగుండేది ఆయనకి, ఒక్కనాడు విప్పగా చూడలేదు. ఐదోదాన్ని నేను. ఒక నెల జీతమంత ఇచ్చాను. వడ్డీ లేకుండా, మీ తాతయ్యకి తెలియకుండా.

మీ తాతయ్య మంచివాడే, కాదనను. నువ్వేం మొహం అలా పెట్టక్కర్లేదు. మంచివాడే గానీ, నేను సంపాదించింది ఆయన జేబులోకి వెళ్లి, అక్కడి నుంచి ఆయనకి దయ కలిగినప్పుడు నా చేతికొచ్చేది. అందులోనే మిగిల్చి ఒక డబ్బాలో దాచింది అది. షెడ్డులో మాకు కట్టింగ్ మాస్టరు ఒకడుండేవాడు, పేకాటలో ఇల్లు పోగొట్టాడు. జనం ఏమనేవారు? 'దిల్దారు మనిషండీ, చెయ్యి నిలవదు.' కాజాని మాత్రం, 'ఆ షోకులేంటి, ఆ గడియారమేంటి, ఎవడికోసం' అని. మగాడి అప్పుకి లెక్క అడుగుతారు, ఆడదాని అప్పుకి నడత అడుగుతారు. ఇది నేను ఇప్పుడంటున్నాను. అప్పుడు నేనూ వాళ్లతో కలిసి నవ్విన రోజులున్నాయి.

ఇంక జీతాల రోజు చూడాలి దాని అవస్థ. గేటు దగ్గర వరసగా నిలబడేవాళ్లు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకి ముందిచ్చేది. కిరాణా ఆయన గొంతు పెద్దది, ఆయనకి ఎక్కువ. వాయిదాల కొట్టు కుర్రాడికి కొంత. గొడుగాయన అసలు అరిచేవాడు కాదు, 'నీ వీలు చూసుకోమ్మా, నాదేముంది' అనేవాడు, ఆయనకి అందరికంటే తక్కువ. అరవనివాడికే అందరికంటే ఎక్కువ వడ్డీ నడుస్తోందని దానికి తట్టలేదు. పదో తారీఖు దాటేసరికి మళ్లీ ఆయన దగ్గరికే పరుగు. తలా పిడికెడు పంచినట్టు పంచేది, సంవత్సరం పాటు. సంవత్సరం తర్వాత చూస్తే అప్పు అంగుళం తగ్గలేదు సరికదా, ఇంకాస్త ఒళ్లు చేసింది.

ఆ తర్వాత ఒకరోజు... ఆ, కట్టల సంగతి చెప్పాలి నీకు. మా షెడ్డులో చొక్కాలు డజను చొప్పున కట్టలు కట్టి వచ్చేవి. కట్ట విప్పినవాళ్లు ఆ కట్ట ముగించాకే ఇంకోటి ముట్టుకోవాలి, అది రివాజు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, పాపం తొందరపడి, ఐదు కట్టలు విప్పేసి చొక్కాకొక్క కాజా చొప్పున కుట్టుకుంటూ పోయింది. అన్నీ ముందుకెళ్తున్నట్టుంటాయని దాని ఆలోచన. సాయంత్రం మాస్టరు వచ్చి చూసి, కట్టలన్నీ బల్ల మీద గుమ్మరించాడు. 'అరవై చొక్కాలమ్మా. అరవైకీ పని మొదలైంది. తొడుక్కోడానికి ఒక్కటివ్వు. ఒక్కటి. నేను తొడుక్కుని ఇంటికెళ్తా.' అందరం నవ్వాం. కాజా నవ్వలేదు. దారం పళ్ల మధ్య పెట్టుకుని అలాగే ఉండిపోయింది. ఏమే, కొరుకు అన్నాను. 'నేను చేస్తున్నదీ ఇదే కదక్కా' అంది.

మర్నాడు పాత చొక్కా నమూనా అట్ట వెనక సుద్దతో ఐదు గీతలు గీసుకొచ్చింది. ఎవరి బాకీ ఎంత, ఎవరికి వడ్డీ ఎంత. ఎవరి వడ్డీ ఎక్కువో వాళ్లది మొదటి కట్ట. గొడుగాయన మొదలు, వాయిదాల కొట్టు రెండు, ఇంటావిడ మూడు, కిరాణా నాలుగు. మొదటి కట్ట ముగిసేదాకా మిగతావాళ్లకి నోరు మూయించేటంత చిల్లరే. అద్దె, సరుకులు మాత్రం ఆ రోజు నుంచి ఏ నెలవి ఆ నెలే. అట్ట చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చింది. నాకు తోడు రమ్మంటే వెళ్లాను. కిరాణా ఆయన తూకం వదిలేసి, 'నాలుగోదా? నేనేమన్నా చొక్కానా?' అన్నాడు. ఇంటావిడైతే, 'అప్పు తీసుకున్నదానివి నువ్వు నాకు వరస చెప్తావేంటే' అని గుమ్మంలోంచి లోపలికి రానివ్వలేదు. అది తల వంచుకోలేదు. 'అందరికీ కాస్త కాస్త ఇస్తే మీకు పదేళ్లు పడుతుందండీ. ఇలాగైతే మీ వంతు పద్నాలుగో నెలకి వస్తుంది. ఏది కావాలో చెప్పండి' అంది. తిట్టుకుంటూనే ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, దాని ఒంట్లోంచి కోసుకుంటారా.

టీ మానేసింది. రెండు మైళ్లు నడిచొచ్చేది. గడియారం అమ్మేసింది. ఆదివారాలు ఆసుపత్రి నర్సుల కోట్లకి గుండీలు కుట్టేది. బీరువా కూడా వెనక్కిచ్చెయ్యవే అని నేనే చెప్పాను. ఇవ్వనంది. అప్పు చేసిన ఆడది ఇష్టమైనదాన్ని ముందుగా వదులుకుంటేనే బుద్ధొచ్చిందని జనానికి నమ్మకం కలుగుతుంది కదా, నాకూ అలాగే అనిపించింది. 'దానికి డబ్బు కడతానక్కా, శిక్ష మాత్రం కట్టను' అంది.

ఐదో గీత నాది. వడ్డీ లేని అప్పు కాబట్టి ఆఖరిది. లెక్క ప్రకారం సబబే. నాకు మాత్రం ఇక్కడ ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఆపదలో ఆదుకున్నదాన్ని, అక్కా అని పిలిపించుకున్నదాన్ని, ఆ గొడుగాయన తర్వాతా, ఆ కిరాణావాడి తర్వాతా నేను? పైగా అదే సమయానికి మీ తాతయ్య నా డబ్బాలో చెయ్యి పెట్టాడు. ఏదీ డబ్బు అన్నాడు. మా చెల్లికిచ్చానని అబద్ధం చెప్పాను. చెల్లిని అడుగుతానన్నాడు. ఆ నోరేదో కాజా దగ్గరే తెరిచి, ఇలా ఉందే, నాకిప్పుడు కావాలే అనొచ్చు. అడగలేదు. అడిగితే చిన్నతనమని. దాని అంతట అది తెలుసుకోవాలని. ఆ నెల కాజా వాళ్లన్న సామాన్లు కొనడానికొచ్చి, గేటు దగ్గర కనిపించి, మా చెల్లెలెలా ఉందండీ అన్నాడు. మొత్తం చెప్పేశాను. పదకొండు నెలల జీతం, ఐదుగురు, గొడుగాయనతో సహా. నవ్వుతూ కూడా చెప్పాను కొంత. దాని మేలు కోసమే చెప్తున్నానని నాకు నేనే చెప్పుకుంటూ చెప్పాను.

వారానికి వచ్చాడాయన. మధ్యాహ్నం అన్నాల వేళ, అందరం బల్ల దగ్గరే ఉన్నాం. నోట్ల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. 'ఇదుగో, మొత్తం. అందరి మొహాన కొట్టి ఇంటికి పద. అమ్మ మంచం దిగట్లేదు. మీ వదినకి కవల పిల్లలు, ఒక్కతే చేసుకోలేకపోతోంది.' అప్పటికి గొడుగాయన బాకీ ఇంకో రెండు నెలల్లో ముగుస్తుంది. అది చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేసి లేచింది. 'అమ్మని చూడ్డానికి నెలకోసారి వస్తున్నాను, వస్తాను. ఈ డబ్బు వద్దన్నయ్యా' అంది. పరువు గురించి ఏదో అన్నాడాయన. అది గొంతు పెంచలేదు. 'వీళ్ల అప్పులకి చివర అనేది ఉంది. ఇంకో పదహారు నెలలు, అట్ట మీద రాసుకున్నాను. నీ అప్పుకి చివర ఎక్కడో నువ్వు చెప్పు. ఎన్నేళ్లు వండితే తీరుతుంది?' జవాబు లేని మగాడు ఏం చేస్తాడు, ఇంకొకళ్లని లాగుతాడు. నా వైపు వేలు చూపించి, 'నీ బాగు కోరి ఈవిడ చెప్పబట్టి తెలిసింది. పరాయిదానికున్నపాటి బుద్ధి లేదు నీకు' అని నోట్లు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అది నన్ను చూసింది. ఒక్కసారి. సూది తీసుకుని పని మొదలుపెట్టింది.

మర్నాడు జీతాల రోజు కూడా కాదు. పొద్దున్నే వచ్చి నా ముందు డబ్బు పెట్టింది. నేనిచ్చిందంతా ఉంది, పైన ఇంకా ఉంది. ఇదేంటే అన్నాను. 'వడ్డీ. పద్దెనిమిది నెలలకి.' నేను అడగలేదు కదే అన్నాను. 'అడిగేవాళ్లే నయమక్కా' అంది. ఎక్కడిదే ఇంత అంటే చెప్పింది. గొడుగాయన దగ్గరికే వెళ్లి మళ్లీ తెచ్చింది. రెండు నెలల్లో ముగిసేదాన్ని ఇంకో తొమ్మిది నెలలు సాగదీసుకుంది, నా అప్పు తీర్చడానికి. ఆయన దగ్గరెందుకే, నేను ఆగేదాన్ని కదా అన్నాను, సిగ్గు లేకుండా. 'ఆయన వడ్డీ మాత్రమే తీసుకుంటాడు. నువ్వు మా అన్నని తెచ్చావు' అంది. అంతకుముందు నయమక్కా అంది చూడు, నన్ను అక్కా అనడం అదే ఆఖరిసారి. తర్వాత ఏమండీ అనేది. పక్కపక్కనే కూర్చుని ఏమండీ.

తీసుకున్నానా అంటావా? తీసుకున్నాను. వడ్డీతో సహా. అసలు సొమ్ము మీ తాతయ్యకి చూపించడానికి మళ్లీ ఆ డబ్బాలోనే పడింది. వడ్డీ ఏం చేశానంటే, చెప్పులు కొనుక్కున్నాను. బాగా మన్నాయి.

రెండేళ్లకి పైనే పట్టింది దానికి. ఒక్కొక్క కట్టా ముగించింది. ఆఖరికి కిరాణా ఆయనే, 'మా అబ్బాయికి నేర్పమ్మా ఈ పద్ధతి' అన్నాడట. నాకు ఎవరో చెప్పారు. నాతో అది పని మాటలే మాట్లాడేది. అది చనిపోయి కూడా పందొమ్మిదేళ్లయింది, అదీ ఎవరో చెబితేనే తెలిసింది.

అప్పులు తీరిన తర్వాతా? తర్వాతేముంది. దాని నలభై ఒకటో ఏట సొంతంగా కాజాల షెడ్డు పెట్టింది. మా పాత బల్ల ఆడవాళ్లందర్నీ, పేరుపేరునా ఇళ్లకి వెళ్లి పిలిచి పనిచ్చింది. నాకప్పుడు పని లేదు, అది దానికి తెలుసు. మా వీధిలోంచే వెళ్లింది. నన్ను పిలవలేదు.