టైర్ల షాపాయన చెప్పిన రెండో మాట

“ఆంటీ, మీకు ఒకప్పుడు బండి వెనక తగిలించుకొని పోయే చిన్న ఇల్లులాంటి ట్రెయిలర్ ఉండెనంట కదా, అమ్మ చెప్పింది. మేం కూడా పాతది ఒకటి తీసుకున్నాం. దాని టైర్లకు బ్యాలెన్సింగ్ చేయించాల్నా, అవసరం లేదా? ఆన్‌లైన్‌లో ఒక్కొక్కరు ఒక్కో తీరు రాస్తున్నారు.”

కూసో వంశీ. చాయ్ తాగుకుంట విను. లేదు లేదు, నాకేం గాదు, చెప్త. అడిగెటోళ్లు లేకనే గదా ఇన్నేండ్లు చెప్పలే.

బ్యాలెన్సింగా? చేయించు, మంచిదే. కారు చక్రం ఊగితె స్టీరింగ్ చేతిల వణుకుతది, మనకు తెలుస్తది. ట్రెయిలర్ల ఎవ్వరు కూసోరు గదా, ఎంత ఊగినా ఎన్కనే ఊగుతది. దిగి తలుపు తీస్తె గిన్నెలన్ని కిందుంటయి, అలమార స్క్రూలు ఊడుంటయి. టైరు గూడ ఒకదిక్కే అరుగుతది. నాకెట్ల తెలుసంటవా? మా నాయినది హన్మకొండల సైకిల్ టాక్సీ... అంటె టాక్సీ గాదు, సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం, మేం అట్లనే అనేది. గంటకు పావలా. పంచరుకు పది పైసలో, పదిహేనో, యాదికి లేదు. చక్రం గిర్రున తిప్పి, కన్ను దగ్గర పెట్టి చూస్కుంట బెండు తీస్తుండె. నేను పక్కన కూసోని చూసేది. అందుకే మీ అంకుల్, చక్రాల పని ఏదొచ్చినా “నువ్వు సైకిల్ దుకాణపాయన బిడ్డవు, నువ్వే పో” అంటుండె.

మీ అంకుల్‌ను నువ్వు చూడలే గదా. నువ్వు ఈ దేశమొచ్చేటాళ్లకు ఆయన లేడు. రాజేశం ఆయన పేరు. మనముండే ఈ అరోరా ఊర్లనే పోస్టాఫీసుల ఉత్తరాలు సార్టింగ్ చేసే పని, ఇరవై ఏండ్లు చేసిండు. నేనేమొ స్కూల్ క్యాంటీన్ల. లీవు పెట్టు, ఎటన్న పోదామంటె పెట్టకుండె. రిటైరైనంక కొన్నడు ఆ ట్రెయిలర్. చిన్నది, పక్కకొక్క చక్రం. ఎవరో ముసలాయన పెరట్ల ఏండ్లకేండ్లు పెట్టి అమ్మిండు. గ్యాస్, అదే పెట్రోలు, గ్యాలన్ నాలుగు డాలర్లున్న ఎండాకాలం అది. అందరు బండ్లు తీసుడే బంద్ చేస్తె ఈయన కొన్నడు, చూడు.

ఎందుకు కొన్నడంటె, మా బిడ్డ మాధవి కోసం, ఎప్పుడన్న పిలిస్తె పోదామని. అది డెన్వర్ల ఉద్యోగం చేస్తుండె. తండ్రీ బిడ్డా మాట్లాడుకోక ఏడాదిన్నర. పెండ్లి సంగతిల ఏదో మాట మీద మాట... పోనియ్, అది వేరే కథ. ఒకరోజు అదే ఫోన్ చేసింది. “అమ్మా, నాన్నను తీసుకొని రా. ఈడి కొండల్ల నాలుగు రోజులుందాం. నేను శనివారం ఆడికే వచ్చేస్త” అన్నది. ఆయన విన్నడు. బయటికి పోయి ట్రెయిలర్ కడుగుడు మొదలువెట్టిండు.

బుధవారం నాడు రెండు చక్రాలు విప్పి, ట్రెయిలర్‌ను గుంజే మా చిన్న ట్రక్కుల ఏసిండు. నేను షాపుకు తీస్కపోయిన. ఆడ ఒక తెల్లాయన, వయసుమీదున్నోడే, నిమ్మళంగ మాట్లాడిండు. “బ్యాలెన్స్ చెయ్యమంటె చేస్త, చెయ్యకున్నా నడుస్తయి” అన్నడు. అది మొదటి మాట. తర్వాత టైరు పక్కకున్న నంబర్ మీద వేలు పెట్టి చూపెట్టిండు. ఆఖరి నాలుగంకెలు. అండ్ల మొదటి రెండు ఎన్నో వారమో, తర్వాతి రెండు ఏ సంవత్సరమో. “ఇవి తొమ్మిదేండ్ల టైర్లమ్మా. పైన గాడి మంచిగనే కనిపిస్తది, తిరగలే గదా. లోపల రబ్బరు సచ్చిపోయింది. వీటితోని హైవే ఎక్కకుండ్రి. ఈ సైజు నా దగ్గర లేదు, తెప్పిస్త, సోమవారం రాండ్రి” అన్నడు.

సోమవారమంట. మాధవి వచ్చేది శనివారం.

“ఇప్పటికి బ్యాలెన్స్ చేసియ్” అన్న. ఆయన నా మొఖం చూసిండు. చిన్న చిన్న బరువుముక్కలు రిమ్ములకు కొట్టి ఇచ్చిండు.

ఇంటికొస్తె “ఏమన్నడు?” అని అడిగిండు మీ అంకుల్.

“బ్యాలెన్స్ చేసిండు. ఇగ పోవచ్చు” అన్న. అంతే అన్న.

గురువారం బయల్దేరినం. రాత్రికి అయోవాల ఆగినం. తెల్లారి నెబ్రాస్కా, ఎటు చూసినా మక్క చేన్లు, మంటలెక్క ఎండ. ఆయన మాత్రం మస్తు ఖుషీ మీదుండె. “మాధవి రాంగనే ఏం మాట్లాడాలె?” అని నన్ను అడిగిండు. “ఏం మాట్లాడకు, తిన్నవా అని అడుగు” అన్న. నవ్విండు. ఇంతల్నే ఎన్క ఢాం అన్నది. ట్రెయిలర్ అటూ ఇటూ ఊగింది. ఎట్లనో ఆపి రోడ్డు పక్కకు పెట్టిండు. దిగి చూస్తె ఎడమ దిక్కు టైరు పీలికలు పీలికలైంది.

“బ్యాలెన్స్ చేయించినంక గూడ ఇట్లాయెనేందే?” అన్నడు నాతోని.

అప్పుడన్న చెప్పిన్నా? చెప్పలే కొడుకా. “ఎవలనన్న పిలుద్దాం” అన్న. “వాళ్లొచ్చేటాళ్లకు గంట పడ్తది. స్పేర్ ఉన్నది గదా, ఐదు నిమిషాల పని. నువ్వు అటు గడ్డిలకు పో, బండ్లు జోరుగ పోతున్నయి” అన్నడు. ఈ దేశంల బండి రోడ్డుకు కుడి పక్కన ఆపుతరు, ఎడమ చక్రమంటె బండ్లు పోయే దిక్కే కూసోవాలె. కూసున్నడు. ఒక వ్యాను గీత దాటి వచ్చింది. నేను కండ్లతోని చూడలే, ట్రెయిలర్ అడ్డముండె. చప్పుడు విన్న.

మాధవి ఆ రాత్రే వచ్చింది, దవాఖానకు. అప్పటికే అయిపోయింది. తండ్రి చెయ్యి పట్టుకొని కూసున్నది.

దానికి నాలుగేండ్ల తర్వాత చెప్పిన, ఇగో ఇదే వంటింట్ల. విని లేచింది. సింకుల గిన్నెలన్ని కడిగింది, తుడిచి లోపల పెట్టింది. అప్పుడన్నది, “నువ్వు చెప్పినా నాన్న బయల్దేరేటోడే అమ్మా” అని. నన్ను ఊకుంచుటానికి అన్నదో, నిజంగనే అట్ల అనుకుంటదో, నేను అడుగలే. గని ఆయన బయల్దేరేటోడు గాదు. చానా భయస్తుడు కొడుకా ఆయన. స్టవ్ బంద్ చేసిన్నా లేదా అని సగం తొవ్వ నుంచి ఎన్కకొచ్చేటోడు. సోమవారం దాక ఆగేటోడు. నాకు తెలుసు గదా...

సరే, చాయ్ సల్లారింది, వేడి చేసిస్త ఆగు. వద్దా? పోంగనే మీ టైర్ల మీది నంబర్ చూస్తవా? పోయి రా మరి. పైలం నాయినా, నిండు నూరేండ్లు బతుకు. నీ బిడ్డ పెండ్లిల నువ్వు ముసలోనివై, కండ్లు కనబడక, కుర్చీ ఏడుందని దాన్నే అడగాలె...