చలపతి గారి వన్స్ మోర్

శనివారం మధ్యాహ్నం కేరమ్ డౌన్స్ గుడి క్యాంటీన్‌లో చలపతి అంకుల్, సుమ ఆంటీ, రాహుల్, నేను కాఫీలు పట్టుకుని కూర్చున్నాం. బయట పొద్దుటి నుంచీ ముసురు. చలపతి అంకుల్‌తో ఆయన కూతురు అమూల్య వారం రోజులుగా మాట్లాడటం లేదని మా అందరికీ తెలుసు. ఎందుకని అడిగే ధైర్యం మాకు లేదు. అడక్కుండానే ఆయన నావైపు తిరిగి మొదలెట్టారు.

"నేను చేసింది పెద్ద ఘనకార్యమేం కాదు భార్గవ్. ఒక్క మాటన్నాను, అంతే. పోయిన శనివారం మా అమ్మాయి బాలే షోకి వెళ్లానా, ఆ మ్యూజిక్ రాసినాయన క్రామ్‌హోఫ్ అని వియన్నా ఆయన, పంతొమ్మిదో శతాబ్దం మనిషి. పాపం, బతుకంతా గోతిలోనే గడిచింది. గొయ్యంటే అదే, స్టేజి ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గొయ్యి. కుర్రతనంలో అందులో ఫిడేలు వాయించాడు, పెద్దయ్యాక అందులోనే నిలబడి కర్ర తిప్పాడు, బోలెడు బాలేలు రాశాడు, ఏం లాభం? జనం డాన్సు పిల్లల కాళ్లు చూస్తారు గానీ గోతిలోకి తొంగిచూసేదెవడు? పోతే పట్టుమని పదిమంది రాలేదట."

"ఇవన్నీ మీకెలా తెలుసు అంకుల్?" అన్నాడు రాహుల్.

"టికెట్‌తో పాటు పుస్తకం ఇచ్చారయ్యా. సగం అందులో ఉంది. మిగతా సగం ఆ మ్యూజిక్కే చెప్పింది. కథేమో గొడుగుల కొట్టు. యజమాని తాళం వేసి వెళ్లగానే గొడుగులన్నీ లేచి ఆడతాయి. మా అమ్మాయి చినిగిన నల్లగొడుగు, ఎవరూ కొనరు. దాని సోలో వచ్చింది. అబ్బ, ఆ ఫిడేళ్లు ఏడ్చాయయ్యా! నాకు మా తెనాలి గుర్తొచ్చింది. మా నాన్న నాటకాల్లో హార్మోనియం వాయించేవాడు. పద్యం బాగుంటే జనం ఊరుకునేవారా? చచ్చి పడున్న పాత్ర కూడా లేచి, ఇంకోసారి పాడి, మళ్లీ చచ్చేది. అందుకని నేనూ లేచాను. 'వన్స్ మోర్!' అన్నాను."

"మధ్యలోనా?" సుమ ఆంటీ కప్పు కింద పెట్టేశారు.

"మధ్యలోనే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్కెస్ట్రా టక్కున ఆగింది. కండక్టర్ నావైపు తిరిగి, వంగి దండం పెట్టి, మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. అది అవగానే హాలంతా లేచి వన్స్ మోర్! ఇంగ్లిషు మాటే కదా, దాన్నిలా వాడొచ్చని నేను చెప్పేదాకా వాళ్లకే తెలీదు. ఇంక ఆపేవాడేడీ? తీగలు తెగిపోయినా ఉత్త చెక్క మీద వాయించారు. డాండెనాంగ్ లైన్లో రైళ్లు నిలబడిపోయాయి, డ్రైవర్లు దిగి కిటికీల దగ్గర వింటున్నారు. అంతలో నాకు ఫోను. ఎవరనుకున్నారు? వియన్నా శ్మశానం కాపలావాడు!"

"మీకే చేశాడా?"

"మరెవరికి చేస్తాడు? 'అయ్యా, క్రామ్‌హోఫ్ గారు సమాధి రాయి నెట్టేసి లేచి కూర్చున్నారు, మిమ్మల్నే అడుగుతున్నారు' అని ఫోన్ ఆయన చేతికిచ్చాడు. ముసలాయన ఒకటే ఏడుపు. 'ఒరే చలపతీ, ఇన్నేళ్లలో నన్ను మళ్లీ వాయించమన్నవాడివి నువ్వొక్కడివేరా' అన్నాడు."

"తెలుగులోనా?" అన్నాడు రాహుల్.

"ఏడ్చేటప్పుడు ఏ భాషైతే ఏంటయ్యా?"

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు తగ్గింది.

"అందుకే అమూల్యకి నోట మాట రావట్లేదు. ఆనందం. నేను హాల్లోకొస్తే చాలు, లేచి రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంటోంది. సర్దుకుంటుందిలే. ఇవాళ సాయంత్రం లాస్ట్ షో. మళ్లీ ఆ సోలో వస్తుంది, మళ్లీ నేను లేచి..."

పక్క బల్ల దగ్గర్నుంచి శ్రీదివ్య లేచొచ్చింది. అమూల్యతో పాటు ఆ బాలేలో ఆడే పిల్ల. షో కోసం జుట్టు అప్పుడే బిగించి ముడేసుకుంది.

"అంకుల్, ఆర్కెస్ట్రా ఆగలేదు. అమూల్య ఆగింది," అంది.

చలపతి అంకుల్ నవ్వబోయారు.

"మీ అరుపు విని మీకేదో అయిందనుకుంది. లాస్ట్ ఇయర్ హార్ట్ ఎటాక్ వచ్చింది కదా మీకు. స్టెప్ వదిలేసి స్టేజ్ అంచుకొచ్చి ఆ చీకట్లో మీకోసం వెతికింది. మ్యూజిక్ ముందుకెళ్లిపోయింది అంకుల్. ఎంత ట్రై చేసినా మళ్లీ అందుకోలేకపోయింది. అందరూ నవ్వారు."

ఆయన మొహం చూడటం మా వల్ల కాలేదు. కోతలని తెలిసీ తెలియనట్టు ఇంతసేపు కూర్చుని విన్నందుకు నాకు సిగ్గేసింది.

"నాకోసం ఆగిందని నాకు తెలీదమ్మా, నాకేమీ చెప్పలేదు తను," అన్నారాయన చివరికి. "పోన్లే, ఇవాళ బాగా చేస్తుంది. నేను నోరెత్తను. బ్యాక్ రోలో కూర్చుంటా. వచ్చినట్టు కూడా తెలీనివ్వను."

"ఇవాళ ఆ సోలో తనది కాదు అంకుల్."

"మరెవరు చేస్తున్నారు?"

శ్రీదివ్య బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"నేను," అంది.