చేవంతా లోపలే

గోదావరి కాలవలు తవ్వుతున్న రోజులు. కొత్తపేట దగ్గర జగ్గయ్య పళ్ళతోట.

"...అందుకే నువ్వు నోరు మెదపకు లోవమ్మా. రాజులు నాటిన చెట్లంటే దొరలు ముట్టుకోరట. ఈ ఓవర్సీరు ఒక్క మాట చెప్తే కాలవ పక్కకి తిరుగుతుంది. లేకపోతే మన తోట నడిమధ్య నుంచి పోతుంది."

"రాజులెక్కడ నాటేరండీ? ఉప్పెనలో తోటంతా కొట్టుకుపోతే, ఆ ఉప్పునేల మీద మళ్ళీ నేనే కదా నాటేను? కడవలు మోసి మోసి నా నడుం..."

"ష్! వస్తున్నాడు. దయచేయండి ఓవర్సీరుగారూ! ముందు ఈ నేరేడు చూడండి. మా ముత్తాతగారి కోసం రాజావారు స్వహస్తాలతో నాటేరండి."

"ఎంత వయసుంటుందండీ?"

"వందేళ్ళు."

"వందేనా?"

"అంటే... నాటేనాటికే వందేళ్ళ చెట్టండి. అన్నీ కలిపితే రెండొందలు."

"రెండొందల ఏళ్ళకి మాను ఇంతేనా జగ్గయ్యగారూ?"

"రాజుల చెట్టు కదండీ, ఒళ్ళు చెయ్యదు. చేవంతా లోపలే."

"లోపలేనా! బాగుంది, బాగుంది. మరి ఈ పనస?"

"దీని కథ వేరండి. పరాసువాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కొట్టుకున్నప్పుడు ఫిరంగి గుండు తగిలిందండి దీనికి. ఇదిగో, ఈ గంటు అదే."

"అది మన గేదె పలుపు ఒరుసుకుని..."

"లోవమ్మా!"

"అమ్మగారేదో అంటున్నారు?"

"ఆవిడ మాట పట్టించుకోకండి. ఉప్పెనలో జడుసుకుంది. అప్పట్నించీ మతి సరిగ్గా ఉండదు, పాపం. చెట్లన్నీ తనే నాటేననుకుంటుంది."

"అయ్యయ్యో!"

"నాకా మతి లేనిది? ఏవండీ, నాకా?"

"చూసేరా? ఇదే వరస. ఇటు రండి. ఈ పంపరపనస ఒలందా దేశంవాళ్ళ ఓడలో వచ్చిందండి. కప్తాను తన చేత్తో పాతేడు. నూటయాభై ఏళ్ళు."

"నా మోకాలు దాటలేదే?"

"వాళ్ళది చలిదేశం కదండీ. అక్కడి మొక్కలు తాపీగా ఎదుగుతాయి."

"అయితే దీన్ని ఎదగనిద్దాం. ఆ పెద్ద మామిడో?"

"అదా! నేరేడుకి అన్నగారండి."

"సరే, నేరేడూ పనసా మామిడీ, ఆ మూడూ చాలు."

"దొరగారితో చెప్పడానికాండీ?"

"ఆయ్. ఒరే, బండి మీంచి రంపాలు దింపండి! గొడ్డళ్ళు ఇటు తెండి!"

"రంపాలేమిటండీ? కాలవ సంగతి..."

"కాలవ దారి ఎప్పుడో ఖాయమైందండి. మీ తోట ఛాయలకే రాదు. నాకు కావలసింది కాలవలో నీళ్ళాపే లాకు తలుపులకి కలప. టేకు తెచ్చే పడవ ములిగిపోయింది. వందేళ్ళు దాటిన చేవ మాను ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టుకు రమ్మన్నారు దొరగారు. లేతకలప పట్టుకెళ్తే నా ఉద్యోగం ఊడుతుంది. దేవుడల్లే దొరికేరండి మీరు!"

"అబ్బెబ్బే! ఇవన్నీ లేతవేనండి! ఉప్పెన తర్వాత నాటినవే! కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. చెప్పవే లోవమ్మా!"

"ఆవిడకి మతి సరిగ్గా ఉండదన్నారు కదండీ?"

"అది... అది ఒట్టిదేనండి. రాజావారూ ఒట్టిదే. గుండూ ఒట్టిదే."

"కంగారు పడకండి. తేల్చడం ఎంతసేపు? నరికి చూస్తే లేతో ముదురో తెలిసిపోతుంది. లేతదైతే వదిలేస్తాం."

"నరికేసేక వదిలేదేమిటండీ! లోవమ్మా, నువ్వెక్కడికే? ఆ గొడ్డలి నీకెందుకు? కింద పెట్టు!"

"అమ్మగారూ, అది సర్కారు గొడ్డలండీ!"

"ఆయ్, సర్కారుదేనండి. మా అత్తగారూ, తోటా ఒక్కపూటలో పోయేరు. ఏడుస్తూ నాటేను వీటిని. నేను కడవలు మోసిననాడు మీ సర్కారు ఎక్కడుందండీ? రాజావారెక్కడున్నారు? ఈయనెక్కడున్నారు, అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ!"

"నాకు బుద్ధొచ్చిందే! చెట్లన్నీ నీవే. ఊరంతా చాటిస్తాను. ఆ గొడ్డలి ఇలా ఇవ్వు!"

"దగ్గరికి రాకండి. ఓవర్సీరుగారూ, మీరూ అక్కడే ఆగండి. మతి లేనిదాన్ని కదా, ఇది ఎవరి మీద పడుతుందో నాకే తెలీదు."