అంగుళం లూజు చేసిన పాస్‌వర్డ్

నాలో ఒక గొప్ప గుణం ఉంది. ఎవర్నీ సాయం అడగను. దీన్ని కొందరు పొగరంటారు, మా ఆవిడ ఇంకో మాట అంటుంది, అది ఇక్కడ రాయను. నేను మాత్రం పరోపకారమనే అనుకుంటాను. నేను అడిగితే పాపం అవతలివాళ్లు తమ పని మానుకుని రావాలి కదా. ఈ ఉపకారబుద్ధితోనే ఒకసారి రైల్లో, ఎవర్నీ అడక్కుండా, పక్కవాళ్ల నిద్ర చెడగొట్టకుండా, దిగాల్సిన స్టేషన్ దాటేసి ఆఖరి స్టేషన్ దాకా వెళ్లొచ్చాను.

నేను దర్జీని. ఈ ఏడు మా దర్జీల సంఘం వార్షికోత్సవంలో మా మాస్టారికి సన్మానం. నా చేతికి కత్తెర ఇచ్చింది ఆయనే. ఇప్పుడాయనకి చూపు దాదాపు పోయింది, మనుషుల్ని భుజం తడిమి గుర్తుపడతారు. "వస్తావుగా?" అని కబురు పంపారు. "ముందు వరసలో ఉంటా" అని తిరుగు కబురు పంపాను. టికెట్ చేతికొచ్చాక పంపాల్సిన కబురది. పోయినేడు దాకా హాలు గుమ్మం దగ్గర పేరు చెబితే టికెట్ ఇచ్చేవాళ్లు. ఈ ఏడు సంఘం వాళ్లకి కొత్త తెలివి పుట్టింది. సభ్యుడు తన ఖాతాలోకి లాగిన్ అయితేనే రిజిస్ట్రేషన్, అయితేనే టికెట్. గడువు ఇవాళ సాయంత్రంతో సరి.

పొద్దున టీ కొట్టు బల్ల మీద ఎప్పటిలాగే చేరాం. ఇస్త్రీ బాబాయి, నేను, మా అక్క మొగుడు. మా అక్క మొగుణ్ణి వీధంతా కాజాల బావ అంటుంది, కాజా కుట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన కొట్టూ నా కొట్టూ పక్కపక్కనే, మధ్యన ఒక్క చెక్క గోడ.

"ఏరా, టికెట్ అయిందా?" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

కాలేదు అంటే పోయేది. నోరు ఊరుకుంటేగా.

"టికెట్టా? అదో పనా బాబాయ్! ఫోన్ తీశా, పాస్‌వర్డ్ కొట్టా, తెరుచుకుంది."

"ఒక్కసారికే?" అన్నాడు టీ కొట్టాయన.

"ఒక్కసారికే. మధ్యలో చిన్న పరీక్ష పెట్టిందనుకో. నువ్వు మనిషివేనా అని అడిగింది."

"అది మేమూ అడుగుతూనే ఉన్నాం" అన్నాడు బాబాయి.

"విను మరి! బొమ్మలు చూపించి, మెట్లున్నవి నొక్కమంది. నొక్కా. నొక్కి ఊరుకున్నానా? ఫలానా బొమ్మలో పై మెట్టు పావు అంగుళం పక్కకి వాలింది, కట్టిన మేస్త్రీని పిలిపించండి అని కూడా చెప్పా. దర్జీ కన్నంటే మజాకానా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మిషను బిత్తరపోయి, బొమ్మలన్నీ వెనక్కి తీసుకుని, 'అయ్యా, ఇంతకీ నేను మిషన్నో కాదో కాస్త మీరే చూసి చెప్పండి' అని నన్నే బతిమాలింది. ఫోన్ సెగలు కక్కుతోంది, అంత వేడి వృథా ఎందుకని ఒక చొక్కా కాలరు దాని మీదే ఇస్త్రీ చేసేశా."

"నా పొట్ట కొట్టకురా నాయనా."

"అక్కడితో అయిందా! కొత్త పాస్‌వర్డ్ పెట్టుకో, గట్టిగా ఉండాలి అంది. నేను గట్టిగా అంటే ఎలా పెడతానో మీకు తెలుసుగా, డబుల్ కుట్టు వేసి, లోపల కాన్వాసు పెట్టి, చివర ముడేసి మరీ పెట్టా. ఇంకేముంది, సంఘం ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఊపిరాడక ఆగిపోయాయి. అధ్యక్షుడు స్వయంగా ఫోన్ చేశాడు, గొంతు వణుకుతోంది, 'అన్నగారూ, మీ పాస్‌వర్డ్ మరీ బిగువుగా ఉంది, ఒక్క అంగుళం లూజు చేయండి, మీకు పుణ్యముంటుంది' అని."

"చేశావా?"

"చేయకుండా ఉంటానా, ఒక్క కుట్టు విప్పా. విప్పేసరికి ఏమైందో తెలుసా? ఆ కుట్టుతో పాటు లోకంలో తాళమన్నదల్లా ఊడిపోయింది. బ్యాంకుల తలుపులు, విమానాల తలుపులు, మా ఎదురింటావిడ బీరువా, అది ఆవిడ కాపురానికొచ్చినప్పట్నుంచీ తెరుచుకోలేదు, అదీ తెరుచుకుంది. రేవులో లంగర్లు ఊడి ఓడలు వాటి దారిన అవి పోతుంటే కెప్టెన్లు ఒడ్డున నిలబడి ఒకటే ఏడుపు. దేశదేశాల నుంచి నాకు ఫోన్లు. ఏం చేస్తాను, పెద్ద సూది తీసుకుని, సముద్రం అంచు మడిచి పట్టుకుని, ఓడలన్నిట్నీ వరసగా ఒడ్డుకి టాకా వేసి కుట్టేశా. సంఘం వాళ్లు అది చూసి మెచ్చి, ముందు వరసలో నడిమి కుర్చీ ఇచ్చారు. మాస్టారి భుజం నా భుజానికి తగిలేట్టు..."

మాస్టారి మాట దగ్గర కథ ఆగింది. గ్లాసెత్తి టీ తాగాను.

కాజాల బావ జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అంతా బాగుంది బావమరిదీ. నువ్వు ఒక్కసారికే లోపలికి పోతే, నిన్న పొద్దుట్నుంచీ నా ఫోన్‌కి వస్తున్న ఈ ఓటీపీలన్నీ ఎవరివి?"

తెర నిండా సంఘం పంపిన అంకెలు, ఒకదాని కింద ఒకటి.

"ఖాతా తెరిచిన రోజు నీ ఫోన్ రిపేరులో ఉంటే నా నంబరు ఇచ్చాం. నువ్వు మర్చిపోయావు. నిన్నంతా చెక్క గోడకి అటు నీ తిట్లు, ఇటు నా ఫోన్ టింగుటింగులు. చెప్పెయ్యమని మీ అక్క పోరింది. వాడే వచ్చి అడుగుతాడులే అన్నాను."

"అడగలేదుగా?" అన్నాడు టీ కొట్టాయన.

"అడగడు. ఓడలు కుడతాడు."

అందరూ నవ్వారు. కాస్త ఆలస్యంగా నేనూ నవ్వాను. బావ మాత్రం నవ్వలేదు.

"సన్మానం రోజు మాస్టారు భుజాలు తడుముకుంటూ వస్తార్రా. నీ భుజం లేకపోతే ఆయనకేం చెప్పమంటావు? ఈ ఓడల కథా?"

బావా, ఆ ఓటీపీ చెప్పు అంటే అయిపోయేది. సముద్రం అంచు మడిచిన నోటికి ఆ మాట రాలేదు. తల వంచుకుని లాగిన్ నొక్కాను. బల్ల మీద ఆయన ఫోన్ టింగుమంది. నేను నా టీ గ్లాసు వైపు చూశాను.

మా మాస్టారి కొట్లో ఒక పద్ధతి ఉండేది. టేపు పట్టినవాడు కొలత పైకి చెప్పాలి, సుద్ద పట్టినవాడు అదే కొలత తిరిగి పలికి అప్పుడు గీయాలి. తిరిగి పలకలేదంటే ఆ గుడ్డ మీద కత్తెర పడేది కాదు. ఎన్నో ఏళ్లు బావ టేపు పట్టాడు, నేను సుద్ద పట్టాను.

"నాలుగు" అన్నాడు బావ, ఎవర్నీ ఉద్దేశించనట్టు.

"నాలుగు" అన్నాను.

"తొమ్మిది."

"తొమ్మిది."

అలా చివరి అంకె దాకా. తెరుచుకుంది. ముందు వరస ఎప్పుడో నిండిపోయింది, తలుపు పక్కన ఒక్క కుర్చీ మిగిలింది.

"మంచిదే, మాస్టారు వచ్చేది ఆ తలుపులోంచే" అన్నాడు బావ, టీ గ్లాసు కింద పెడుతూ.

గుడ్డ కోయడం వచ్చింది, కుట్టడం వచ్చింది, నిన్నట్నుంచీ కొట్టీ కొట్టీ పాస్‌వర్డ్ కూడా ఇప్పుడు కంఠతా వచ్చింది. పక్కనున్న మనిషిని నోరు తెరిచి అడగడం మాత్రం నాకింకా రాలేదు.