పెట్టెకి కాపలా

అలా గుడ్లురిమి చూస్తావేంట్రా? దవడకి తీగలు కట్టేసినా కళ్ళతోనే తిట్టేస్తున్నావుగా! తిట్టు. సొంత అక్క మొగుడు పార కర్రతో చితకబాదితే ఎవడైనా తిడతాడు.

నర్సమ్మ కాసేపే ఉండమంది. రోగికి ఏమవుతావని అడిగితే బావనన్నాను. ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. పోలీసులొస్తే గట్టు మీద జారిపడ్డానని సైగ చేశావటగా? మీ అక్క మొహం చూసి చేశావు, నాకు తెలీదనుకున్నావా?

సరే, బయటి సంగతి విను. చేలు వదిలే గాలి కొలిచే నీ గాజు పెట్టెలు ఒక్కటీ మిగల్లేదు. నిన్ను ఇక్కడికి తెచ్చాక మన కాలువ కింది రైతులంతా మడుల్లోకి దిగి గడ్డపారలతో పొడిచేశారు. నీ దగ్గర పనిచేసే ఆ అమ్మాయి, పెట్టెల్లోంచి గాలి లాగే సిరంజీల సంచీ పట్టుకు తిరుగుతుందే, అడ్డం వెళ్ళింది పాపం. నుదురు చీలింది. కుట్లు పడ్డాయి. తూము కాపలావాణ్ణయితే కాలవలో ముంచి లేపి, మళ్ళీ ముంచారు. వాడు నీళ్ళు కక్కుతుంటే నవ్వారురా. నేనూ అక్కడే ఉన్నాను.

పైగా నా భుజం తట్టారు! బావమరిదని కూడా చూడకుండా వాయించావు, మగాడివంటే నువ్వే అన్నారు. తలూపాను.

అసలు నీకెందుకురా ఈ గొడవంతా? నీళ్ళు నిలబెట్టిన వరిమడి, భూమిని వేడెక్కించే మీథేన్ గాలి ఇంత వదులుతుందని పుస్తకంలో ఓ అంకె ఉంది. అన్ని చేలకీ అదే అంకె. హద్దు దాటింది కాబట్టి మన కాలువ కట్టేస్తామంది నీటి ఆఫీసు. ఏడ్చి ఊరుకునేవాళ్ళం. నువ్వు ఊరుకున్నావా? మా వాళ్ళు మధ్యమధ్యలో మడి ఆరబెడతారు, వాళ్ళ చేలు అంత వదలవు, పుస్తకం పక్కన పెట్టి కొలిచి చూడండి అంటూ నీ పై ఆఫీసర్లతో గొంతు చించుకున్నావు. చివరికి ఒప్పించావు కూడా. కాలువకి ఒక్క చేను కొలిస్తే చాలన్నారు. నువ్వు నా చేను పెట్టావు. ఎందుకూ? బావ చెప్పినమాట వింటాడని!

పక్క కాలువ వాళ్ళు పెట్టెలు పగలగొడుతున్నారని తెలిసింది. మరి మన పెట్టెకి దిక్కెవరు? కొలిచే రోజు నువ్వు మూత బిగించి అవతలి మడికి వెళ్ళగానే గట్టు దిగాను. మోకాటి లోతు బురదలో, పెట్టెకి ఆనుకుని, కర్ర పట్టుకుని నిలబడ్డాను. ఓ కాలు లాగేస్తే ఇంకో కాలు మార్చుకుంటూ. ఎవడైనా వస్తే తల బద్దలుకొడదామని! నీ అలికిడి వినపడగానే గట్టెక్కి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. నస పెడతావు కదా మరి. బల్ల మీదనుంచే నడవాలి బావా, బురదలో కాలు పెట్టకు అని అప్పటికే చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పావు. బూట్లు పాడవుతాయని బల్ల వేసుకున్నాడు, పట్నం బాబు, అనుకున్నానురా!

తర్వాత ఆఫీసు గోడకి అంకె అంటించారు. పుస్తకంలోదానికి రెట్టింపు. అది కూడా నా చేను అంకె! కాలువ మొత్తం బందు. నా ఇంటి అన్నం తిని నా నోట్లోనే మట్టి కొట్టాడనుకున్నాను. గడ్డపారలు పట్టుకుని జనం నా వెనకాలే ఉన్నారు. గట్టు మీద నువ్వు పరిగెత్తుకుంటూ ఎదురొచ్చావు. కొట్టాను. కుడిచెయ్యి అడ్డం పెట్టావు. పుటుక్కుమంది. నువ్వు నా కాళ్ళ దగ్గరే కూలబడ్డావు.

అప్పుడడిగావు. మూలుగుతూ అడిగావు, నాకొక్కడికే వినపడేలా. "బావా, మూత వేసున్నప్పుడు పెట్టె పక్కన బురద ఎవరు తొక్కారు? తొక్కితే అడుగునున్న గాలంతా బుడగలై పెట్టెలోకొస్తుంది. ఆ అంకె తప్పు. మళ్ళీ కొలుస్తాను."

ఒళ్ళు తెలీని కోపంలో కొట్టానని మీ అక్క అందరికీ చెప్పుకుంటోంది. కానీ నువ్వన్నది విన్నానురా. ఒక్కొక్క మాటా విన్నాను. నా వెనకాల ఉన్నవాళ్ళందరి నీళ్ళూ నా కాళ్ళ వల్లే పోయాయని అర్థమైంది. నువ్వు వాళ్ళకి కూడా చెప్పాలని తలెత్తి, గట్టిగా అరవబోయి నోరు తెరిచావు.

మొదటి దెబ్బ కోపం. రెండోది కోపం కాదు. నీ నోరు మూయించడానికి.

రేపు ఆఫీసులో ఆఖరి విచారణ. కొలిచినవాడే అంకె తప్పని ఒప్పుకుంటే మళ్ళీ కొలుస్తారట. మీ అక్క కాగితం, కలం ఇచ్చి పంపింది. ఎడంచేత్తో వంకరటింకరగానైనా రాయించుకు రమ్మంది. జేబులోనే ఉన్నాయి.

చెయ్యి చాపకు. ఇవ్వను. నా పేరు రాయవు, తెలుసు. పోలీసులకే చెప్పనివాడివి. ఎవరో తొక్కారని రాస్తావు. కానీ ఆ చేను నాది, ఆ పూట అక్కడున్నదీ నేనే. గడ్డపారలు పట్టుకున్నవాళ్ళకి ఆమాత్రం లెక్క రాదా? నీ పెట్టెల్ని ఏం చేశారో చూశానుగా.

ఎండితే ఎండనీ. అందరి చేలతో పాటే నాదీ ఎండుతుంది.

నువ్వు నిద్రపోతున్నావని, లేపలేకపోయానని మీ అక్కకి చెబుతాను. కళ్ళు మూసుకోరా. నీకు పుణ్యముంటుంది, అదొక్కటైనా నిజం చెప్పనీ.