యాక్సిల్ గొట్టంలోని వైరు

నా పేరు దేవరకొండ రాజగోపాల్. వయసు నలభై ఆరు. ఉండేది కెనడాలోని సస్కటూన్. ఇక్కడ ఒక ట్రైలర్ రిపేరు షాపులో పదకొండేళ్ళుగా మెకానిక్‌ని. 2025 మే 21, బుధవారం, ఉదయం పదీ ఇరవైకి పోలీసు స్టేషన్‌లో, దుభాషి మృదుల గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా ఈ మాటలు చెబుతున్నాను.

శ్యామల గారు నాకు బంధువు కారు. ఆమె తన పికప్‌కు ట్రైలర్ తగిలించుకుని గ్రీన్‌హౌస్‌లకు మట్టి బస్తాలు చేరవేస్తారు. మే 12, సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు మా షాపుకు వచ్చారు.

"అన్నా, కంకర రోడ్డు ఎక్కితే బ్రేక్ స్క్రీన్ ఎర్రగా మెరుస్తోంది. ఆ కాసేపూ ట్రైలర్ వెనక నుంచి నెట్టుకొస్తోంది. తారు రోడ్డు ఎక్కగానే మామూలైపోతోంది" అన్నారు.

అవి కరెంటు బ్రేకులు. డ్రైవరు బ్రేకు తొక్కితే పికప్ నుంచి వైరులో కరెంటు వెళ్తుంది, ట్రైలర్ నాలుగు చక్రాల్లోని అయస్కాంతాలు పనిచేసి బ్రేకు పడుతుంది. ఆ కరెంటు ఎంత వెళ్తోందో డ్రైవరు ముందున్న చిన్న స్క్రీన్ చూపిస్తుంది, ఎక్కువ తక్కువలు అక్కడే సెట్ చేసుకోవాలి. నేను బండిని యార్డులో నిలబెట్టే చూశాను. ప్లగ్ పిన్నులు శుభ్రం చేశాను. మీటరు పెడితే పన్నెండు ఆంపియర్లు, రావలసినంతా వచ్చింది. రోడ్డు మీదికి తీసుకెళ్ళలేదు. "బండిలో ఏమీ లేదమ్మా, మీరే సెట్టింగ్ తక్కువ పెట్టి నడుపుతున్నారు" అని నవ్వాను. చెక్ షీటు మీద బ్రేకులు సరిగా ఉన్నాయని రాసి సంతకం చేశాను. రోడ్డు మీదికి తీసుకెళ్ళలేదు.

మే 14 ఉదయం ఎనిమిదింబావుకు, కంకర రోడ్డు హైవేలో కలిసే చోట, ఆమె స్టాప్ గుర్తు దగ్గర ఆగలేకపోయారు. ట్రైలర్‌లో రెండున్నర టన్నుల మట్టి ఉంది. పికప్ వెళ్ళి ఒక కారును గుద్దింది. అందులోని డెబ్బై ఏళ్ళ పెద్దాయనకు తొడ ఎముక విరిగింది. ట్రైలర్ బ్రేకు పడలేదని ఆమె చెప్పారు. పదహారో తేదీన తనిఖీదారు చూసి బ్రేకులు బాగానే ఉన్నాయన్నారు. నా షీటూ అదే చెప్పింది. అజాగ్రత్తగా నడిపారని ఆమె మీద కేసు పెట్టారు.

నాకు శనివారం తెలిసింది. తనిఖీదారు చూసిందీ, నేను చూసిందీ నిలబడిన బండిని. ఆమె చెప్పింది కదిలే బండి సంగతి. ఆ రాత్రీ, ఆదివారం రాత్రీ నాకు నిద్ర లేదు.

మళ్ళీ చూస్తానని షాపు యజమాని సీతారామారావు గారికి ఫోన్‌లో చెప్పాను.

"నీకెందుకయ్యా? షీటు మీద సంతకం నీది. తవ్వితే మన మీదికే వస్తుంది."

"సంతకం నాది కాబట్టే చూడాలండీ."

"చూస్తే మళ్ళీ పనిలోకి రాకు."

"సరేనండి" అన్నాను.

సోమవారం సెలవు. మంగళవారం పోలీసుల అనుమతి తీసుకుని, ఉదయం తొమ్మిదికి వాళ్ళు ట్రైలర్‌ను ఉంచిన యార్డులో, ఈ కేసు చూస్తున్న కానిస్టేబుల్ ఎదుట, ఆ ట్రైలర్‌ను నా పికప్‌కు తగిలించాను. ఎర్త్ వైరు చూశాను. గట్టిగానే ఉంది. ఒక్కో చక్రాన్నీ జాకీ మీద లేపి, తిప్పి, బ్రేకు వేశాను. నాలుగూ ఆగాయి. పదకొండున్నర అయింది. ఇంకెంతసేపు అని కానిస్టేబుల్ అడిగారు. ఆమె చెప్పింది దొరికేదాకా అన్నాను.

కంకర రోడ్డు కుదుపు యార్డులో రాదు. అందుకని ఆయన చేత బ్రేకు తొక్కించి, రబ్బరు సుత్తితో యాక్సిళ్ళను, అంటే చక్రాల మధ్య ఉండే ఇరుసు గొట్టాలను, కొట్టాను. ముందు యాక్సిల్‌కు ఏమీ కాలేదు. వెనక యాక్సిల్‌ను మూడో దెబ్బ కొట్టగానే నా పికప్‌లోని స్క్రీన్ ఎర్రగా మెరిసింది. కరెంటు సున్నాకు పడిపోయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ పడిపోయింది. ఏడుసార్లు చేసి చూపించాను. ఆయన ఫోన్‌లో వీడియో తీశారు.

తర్వాత ఆయన అనుమతితో ఆ వెనక యాక్సిల్ గొట్టంలోంచి, ఒక చక్రం నుంచి రెండో చక్రానికి వెళ్ళే బ్రేకు వైరును బయటికి లాగాను. గొట్టానికి రాసుకుని రాసుకుని పై తొడుగు అరిగిపోయింది. అర గోరంత రాగి బయటపడి ఉంది. కుదుపుకు ఆ రాగి ఇనుముకు తగిలితే షార్టయి, నాలుగు చక్రాలకూ కరెంటు ఆగిపోతుంది. బండి నిలబడితే తగలదు. వైరును కవరులో పెట్టి సీలు వేశారు. కేసు సంగతి ప్రాసిక్యూటర్‌తో మాట్లాడతామన్నారు.

అక్కడి నుంచే శ్యామల గారికి ఫోన్ చేసి, "మీరు చెప్పింది నిజమమ్మా. తప్పు నాది" అన్నాను.

"నేనే సరిగా తొక్కలేదేమో అనుకున్నా అన్నా. వారం నుంచీ అదే అనుకుంటున్నా" అని ఏడ్చారు. ఆమె పెట్టేసేదాకా నేను ఫోన్ పెట్టలేదు.

దీనివల్ల నా మీద చర్య రావచ్చని, లాయరుతో మాట్లాడాకే చెప్పవచ్చని కానిస్టేబుల్ రెండుసార్లు చెప్పారు. ఇప్పుడే చెబుతానన్నాను.

పైన రాసినదంతా మృదుల గారు తెలుగులో చదవగా విన్నాను. నేను చేసినదీ, చూసినదీ ఇదే. ఇందులో కల్పించిందీ లేదు, దాచిందీ లేదు. ఏ కోర్టులో అడిగినా ఇదే చెబుతాను.

సంతకం: దే. రాజగోపాల్